బిజినెస్ పేరు రిజిస్ట్రేషన్: ప్రొప్రైటర్‌షిప్, పార్ట్‌నర్‌షిప్, ఎల్ఎల్‌పీ, కంపెనీ... దేనికి ఎలా చేయించాలి

మన దేశంలో అన్ని రకాల బిజినెస్‌ల పేర్లూ ఒకే చోట రాసుకునే ఆఫీసు అంటూ ఏదీ లేదు, చాలామందికి తెలియని సంగతి ఇదే. కంపెనీలకీ ఎల్ఎల్‌పీలకీ (లిమిటెడ్ లయబిలిటీ పార్ట్‌నర్‌షిప్, అంటే బిజినెస్ అప్పులకి పార్ట్‌నర్ల బాధ్యత పరిమితంగా ఉండేది) కలిపి ఒకటి, పార్ట్‌నర్‌షిప్ ఫర్మ్‌లకి ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రంలో ఇంకోటి, ఒక్కళ్ళే నడిపే ప్రొప్రైటర్‌షిప్‌కి అసలు పేర్ల రిజిస్టరే లేదు, వీటన్నిటితో సంబంధం లేకుండా ట్రేడ్‌మార్క్ రిజిస్టర్ వేరే. ఒకదాంట్లో పేరు ఎక్కినంత మాత్రాన మిగతా చోట్ల కూడా అది మనదైపోదు. అందుకే ఎవరైనా "పేరు రిజిస్టర్ చేయించాలి" అంటే నేను ముందు అడిగేది, ఏ స్ట్రక్చర్‌లో పెడుతున్నారు, ఆ పేరు ఏ రిజిస్టర్‌లో ఎక్కుతుంది, దాన్ని చూపించి ఇంకొకళ్ళని ఆపగలరా లేదా అని.

స్ట్రక్చర్ ఏదైనా సరే మొదటి పని మాత్రం వెతకడమే. రెండు చోట్ల వెతకాలి. ఎంసీఏ, అంటే కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ, సైట్‌లో కంపెనీ పేరు చెక్ చేసే సర్వీసు ఉంటుంది, అందులో ఉన్న కంపెనీలూ ఎల్ఎల్‌పీలూ కనిపిస్తాయి. రెండోది ట్రేడ్‌మార్క్‌లు చూసే ప్రభుత్వ సంస్థ ఐపీ ఇండియా సైట్‌లో ట్రేడ్‌మార్క్ పబ్లిక్ సెర్చ్, ఇది ఫ్రీ. ఇక్కడ క్లాస్ నంబర్ అడుగుతుంది, మొత్తం 45 క్లాసులు, 1 నుంచి 34 వరకు వస్తువులు, 35 నుంచి 45 వరకు సర్వీసులు. బట్టలైతే 25, మసాలాలూ పిండి వంటివైతే 30, చదువు చెప్పే సర్వీసులైతే 41, సాఫ్ట్‌వేర్ సర్వీసులైతే 42, హోటల్ రెస్టారెంట్ అయితే 43, అమ్మకాల సర్వీసు అయితే 35. స్పెల్లింగ్ ఉన్నదున్నట్టు కొట్టి ఏమీ రాలేదని సంబరపడొద్దు, ఫొనెటిక్ సెర్చ్ అని ఉంటుంది, అందులో కూడా కొట్టి చూడండి, ఎందుకంటే మన తెలుగు పేర్లని ఇంగ్లీష్‌లో ఒక్కొక్కళ్ళు ఒక్కోలా రాస్తారు, "శ్రీ"కే మూడు నాలుగు స్పెల్లింగులు ఉన్నాయి, చెవికి ఒకేలా వినిపిస్తే చాలు గొడవ రావడానికి. ఈ సెర్చ్ ఒక గంట పని, కానీ చాలామంది బోర్డు రాయించి, కవర్లు ప్రింట్ చేయించి, అప్పుడు వెతుకుతారు.

ఇంకో సంగతి కూడా ముందే చూసుకోవాలి. 1950 నాటి ఎంబ్లమ్స్ అండ్ నేమ్స్ చట్టం అని ఒకటుంది, మహాత్మా గాంధీ, నెహ్రూ, శివాజీ లాంటి పేర్లూ, జాతీయ చిహ్నాలూ వ్యాపారానికి వాడుకోకూడదని దాని షెడ్యూల్‌లో ఉంది. ఇది కంపెనీలకే అనుకోకండి, ఎవరు వ్యాపారం చేసినా వర్తిస్తుంది.

ఇప్పుడు ప్రొప్రైటర్‌షిప్ సంగతి. చట్టం దృష్టిలో మీరూ మీ బిజినెస్సూ ఒకటే, పాన్ కూడా మీదే, కాబట్టి పేరుకి విడిగా రిజిస్ట్రేషన్ లేదు. మరి పేరు ఎక్కడ ఎక్కుతుందంటే మిగతా రిజిస్ట్రేషన్లు చేయించేటప్పుడు పక్కనే ఎక్కుతుంది. జీఎస్టీ అప్లికేషన్‌లో లీగల్ నేమ్ అని ఒక గడి, ట్రేడ్ నేమ్ అని ఒక గడి ఉంటాయి, లీగల్ నేమ్‌లో పాన్ మీద ఉన్న మీ సొంత పేరే వస్తుంది, బిజినెస్ పేరు ట్రేడ్ నేమ్‌లో రాయాలి. చిన్న, మధ్య తరహా వ్యాపారాలకి కేంద్రం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌లో ఎంటర్‌ప్రైజ్ పేరు రాస్తారు, 2020 జులై 1 నుంచి ఉన్న పద్ధతి ఇది, ఆధార్‌తో ఆన్‌లైన్‌లో మీరే చేసుకోవచ్చు, ప్రభుత్వానికి ఒక్క రూపాయి కట్టక్కర్లేదు. ఈ మాట గట్టిగా చెప్తున్నా ఎందుకంటే అచ్చం గవర్నమెంట్ సైట్‌లా కనిపించి డబ్బులు అడిగే ప్రైవేట్ సైట్లు బోలెడు ఉన్నాయి, అడ్రస్ చివర గవ్ డాట్ ఇన్ ఉందో లేదో చూసి మరీ ఆధార్ నంబర్ ఇవ్వండి. షాపో ఆఫీసో పెడితే లేబర్ డిపార్ట్‌మెంట్ దగ్గర షాప్స్ అండ్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ రిజిస్ట్రేషన్, మున్సిపాలిటీ ట్రేడ్ లైసెన్స్, తినే వస్తువులైతే ఎఫ్ఎస్ఎస్ఏఐ అనే ఆహార భద్రతా సంస్థ లైసెన్సు, వీటన్నిటి మీదా ఆ పేరే పడుతుంది.

ఇక్కడ జనం బాగా ఇబ్బంది పడేది ఒక్క చోటే, అన్నిట్లో పేరు ఒకేలా లేకపోవడం. కరెంట్ అకౌంట్ తెరవడానికి వెళ్తే బ్యాంకు వాళ్ళు మామూలుగా ఆ ఫర్మ్ పేరు మీద రెండు ప్రూఫ్‌లు అడుగుతారు, జీఎస్టీలో "ట్రేడర్స్" అని, ఉద్యమ్‌లో "ట్రేడింగ్" అని, ట్రేడ్ లైసెన్స్‌లో మధ్యలో ఇంకో అక్షరం ఎక్కువ పడి ఉంటే ఈ మూడూ వేరు వేరు ఫర్మ్‌ల కాగితాల్లా కనిపిస్తాయి, అకౌంట్ ఆగిపోతుంది. కాబట్టి స్పెల్లింగ్, ఖాళీలు, అండ్ అనే పదం రాస్తారా గుర్తు పెడతారా, అన్నీ ఒక కాగితం మీద రాసి పెట్టుకుని అన్ని అప్లికేషన్లలో అదే దించండి.

ప్రొప్రైటర్‌షిప్ పేరు చివర ప్రైవేట్ లిమిటెడ్ అనో లిమిటెడ్ అనో తగిలించడం కొందరికి సరదా, గొప్పగా ఉంటుందని. కంపెనీల చట్టం సెక్షన్ 453 ప్రకారం కంపెనీ కాకుండా ఆ మాట వాడితే రోజుకి 500 నుంచి 2000 రూపాయల దాకా ఫైన్, వాడిన ప్రతి రోజుకీ. ఎల్ఎల్‌పీ అన్న మాటని అలా వాడినా వేరే చట్టంలో ఫైన్ ఉంది.

సరే, ఇవన్నీ చేయించాక ఆ పేరు మీదేనా అంటే... కాదు. పక్క ఊళ్ళో ఇంకొకళ్ళు అదే పేరుతో జీఎస్టీ తీసుకుంటే పోర్టల్ ఏమీ అనదు, ఎందుకంటే అది పన్ను కోసం పెట్టిన రిజిస్ట్రేషన్, పేరుకి కాపలా కాయడం దాని పని కాదు. ప్రొప్రైటర్‌షిప్ వాళ్ళకి పేరు కాపాడుకునే గట్టి దారి ట్రేడ్‌మార్క్ ఒక్కటే, దాని గురించి కింద చెప్తా.

పార్ట్‌నర్‌షిప్‌కి వస్తే 1932 నాటి ఇండియన్ పార్ట్‌నర్‌షిప్ చట్టమే ఇప్పటికీ నడుస్తోంది. ముందు స్టాంప్ పేపర్ మీద డీడ్, అంటే పార్ట్‌నర్ల మధ్య ఒప్పంద పత్రం, రాసుకోవాలి, అందులో ఫర్మ్ పేరు స్పష్టంగా ఉండాలి, ఆ డీడ్‌తో ఫర్మ్‌కి సొంత పాన్ తీసుకోవాలి. ఆ తర్వాత రిజిస్ట్రార్ ఆఫ్ ఫర్మ్స్ దగ్గర రిజిస్ట్రేషన్, మన రెండు రాష్ట్రాల్లోనూ ఇది రిజిస్ట్రేషన్లు, స్టాంపుల శాఖ కింద ఉంటుంది. అప్లికేషన్‌లో ఫర్మ్ పేరు, ముఖ్యమైన ఆఫీసు అడ్రస్, ఇంకెక్కడైనా బ్రాంచీలుంటే అవి, ఏ పార్ట్‌నర్ ఏ తారీఖున చేరారు, వాళ్ళ పూర్తి పేర్లు, శాశ్వత చిరునామాలు, ఫర్మ్ ఎంత కాలానికి పెట్టారు, ఇవన్నీ రాసి పార్ట్‌నర్లందరూ సంతకం పెట్టాలి.

పేరులో ఏం ఉండకూడదో సెక్షన్ 58లో ఉంది, చదివితే కొంచెం నవ్వొస్తుంది కూడా. క్రౌన్, ఎంపరర్, ఎంప్రెస్, ఎంపైర్, ఇంపీరియల్, కింగ్, క్వీన్, రాయల్, ఈ పదాలు రాష్ట్ర ప్రభుత్వం రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప పెట్టకూడదు, బ్రిటిష్ వాళ్ళ కాలం చట్టం మరి. ప్రభుత్వం అండ ఉందన్నట్టు ధ్వనించే పదాలకీ అదే రూలు. రాయల్ అన్న పదం మీద మోజున్నవాళ్ళు డీడ్ రాసుకోకముందే ఇది గుర్తుంచుకుంటే మంచిది.

ఫర్మ్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, అందుకే సగం మంది డీడ్‌తో ఆపేస్తారు. నా ఉద్దేశంలో అది పొదుపు కాదు. సెక్షన్ 69 ఏం చెప్తుందంటే రిజిస్టర్ కాని ఫర్మ్ బయటివాళ్ళ మీద కాంట్రాక్టు హక్కు కోసం కోర్టుకి వెళ్ళలేదు, అంటే సరుకు తీసుకుని డబ్బులు ఎగ్గొట్టినవాడి మీద ఫర్మ్ పేరుతో దావా వేయలేరు, పార్ట్‌నర్ తన సాటి పార్ట్‌నర్ మీద కూడా వేయలేడు, బయటివాళ్ళు మాత్రం మీ మీద వేయొచ్చు! కేసు వేసే రోజుకి ఫర్మ్ రిజిస్టర్ అయి ఉండాలి, వేసేశాక పరిగెత్తి చేయిస్తే లాభం లేదు. పేరు విషయంలో మాత్రం ఇక్కడ కూడా పెద్ద రక్షణ ఏమీ ఆశించకండి, అది రాష్ట్రం రిజిస్టర్, కంపెనీల రిజిస్టర్‌తో దానికి లింకు లేదు, ఇక్కడ ఫర్మ్‌గా ఉన్న పేరుతో ఇంకో చోట కంపెనీ పుట్టొచ్చు.

ఎల్ఎల్‌పీ దగ్గర్నుంచి ఆట మారుతుంది, ఎందుకంటే ఇక్కడ పేరుని నిజంగా పరిశీలించి ఒప్పుకోవడమో కొట్టేయడమో జరుగుతుంది. 2008 ఎల్ఎల్‌పీ చట్టం కింద పేరు చివర ఎల్ఎల్‌పీ అని గానీ లిమిటెడ్ లయబిలిటీ పార్ట్‌నర్‌షిప్ అని పూర్తిగా గానీ ఉండాలి. ఎంసీఏ పోర్టల్‌లో రన్-ఎల్ఎల్‌పీ అనే ఫారంలో రెండు పేర్లు ఇవ్వొచ్చు, ఫీజు 200 రూపాయలు, ఒప్పుకుంటే ఆ పేరు మూడు నెలలు మీకోసం పక్కన పెడతారు, ఆ లోపు ఫిలిప్ అనే ఫారం వేసి ఎల్ఎల్‌పీ పుట్టించాలి. విడిగా రిజర్వ్ చేయడం ఎందుకు అనుకుంటే నేరుగా ఫిలిప్ ఫారంలోనే పేరు అడగొచ్చు. ఇద్దరు డిజిగ్నేటెడ్ పార్ట్‌నర్లు, అంటే చట్టపరమైన పనులకి బాధ్యత వహించేవాళ్ళు, కావాలి, వాళ్ళలో ఒక్కరైనా ఇండియాలో ఉండేవాళ్ళు అయ్యుండాలి. పుట్టాక 30 రోజుల్లో ఎల్ఎల్‌పీ అగ్రిమెంట్ ఫారం 3లో ఫైల్ చేయాలి, ఇది చాలామంది మర్చిపోతారు.

కంపెనీకి కూడా దారి అదే పోర్టల్. 2020 ఫిబ్రవరి 23 నుంచి కొత్త కంపెనీలన్నిటికీ స్పైస్ ప్లస్ అనే ఫారం, అందులో పార్ట్ ఏ పేరు కోసం, పార్ట్ బీ కంపెనీ పుట్టించడానికి. పార్ట్ ఏ ఒక్కటే విడిగా వేస్తే 1000 రూపాయలు, రెండు పేర్లు ఇవ్వొచ్చు, డిజిటల్ సంతకం అక్కర్లేదు, పోర్టల్‌లో లాగిన్ ఉంటే చాలు. ఒప్పుకుంటే పేరు 20 రోజులు మీది. ఆ టైము సరిపోకపోతే 20 రోజులు దాటకముందే 1000 కట్టి 40 రోజులకి పెంచుకోవచ్చు, 40 దాటకముందు ఇంకో 2000 కడితే 60 దాకా, లేదంటే మొదట్లోనే 3000 కట్టి ఒకేసారి 60కి. నా సలహా అడిగితే పార్ట్ ఏ విడిగానే వేయండి, పేరు ఓకే అయ్యాక మిగతా కాగితాల మీద ఆ పేరుతో సంతకాలు పెట్టించడం తేలిక, లేకపోతే పేరు పోయినప్పుడల్లా అన్నీ మళ్ళీ తయారు చేయాలి. పార్ట్ బీలో పాన్, టాన్ (టీడీఎస్ కట్టడానికి కావాల్సిన నంబర్) కూడా వచ్చేస్తాయి, 15 లక్షల లోపు ఆథరైజ్డ్ క్యాపిటల్ (షేర్ల రూపంలో తీసుకోగల గరిష్ఠ పెట్టుబడి) అయితే ఎంసీఏ ఇన్‌కార్పొరేషన్ ఫీజు లేదు, రాష్ట్రం స్టాంప్ డ్యూటీ మాత్రం ఉంటుంది.

చివర్లో ఏం రావాలంటే మామూలు ప్రైవేట్ కంపెనీకి ప్రైవేట్ లిమిటెడ్, పబ్లిక్ కంపెనీకి లిమిటెడ్, ఒక్కళ్ళే పెట్టుకునే వన్ పర్సన్ కంపెనీకి ఓపీసీ అని బ్రాకెట్లో పెట్టి ప్రైవేట్ లిమిటెడ్. సేవ కోసం పెట్టే సెక్షన్ 8 కంపెనీకి లిమిటెడ్ అక్కర్లేదు, ఫౌండేషన్, ఫోరం, అసోసియేషన్, ఫెడరేషన్, కౌన్సిల్ లాంటి పదం ఉండాలి.

ఇప్పుడు అసలు తలనొప్పి, రిజెక్షన్లు. కంపెనీల ఇన్‌కార్పొరేషన్ రూల్స్ 2014లో రూల్ 8 అని ఉంది, ఏ పేరు ఏ పేరుని "పోలినట్టు" లెక్కో చెప్తుంది, అది చదివితే మనం వేసే తెలివైన ఎత్తులన్నీ వాళ్ళు ముందే ఊహించారని అర్థమవుతుంది. ఉన్న కంపెనీ పేరుకి చివర ఎస్ చేర్చినా, ఖాళీ తీసేసి కలిపి రాసినా, స్పెల్లింగ్ మార్చి అదే శబ్దం తెప్పించినా, పదాలు అటూ ఇటూ మార్చినా, డాట్ కామ్ తగిలించినా, ముందు ద అని పెట్టినా, ఊరి పేరు చేర్చినా, అంకె చేర్చినా అది పాత పేరు కిందే లెక్క. ఉదాహరణకి సిరిమల్లె ఫుడ్స్ అని కంపెనీ ముందే ఉందనుకోండి, సిరిమల్లె ఫుడ్స్ 2 గానీ ముందు ఊరి పేరు పెట్టిన సిరిమల్లె ఫుడ్స్ గానీ రావు. పేరు మొత్తాన్ని హిందీలోకో ఇంగ్లీష్‌లోకో మార్చి రాసినా పోలిక కిందే వస్తుంది, అంటే ఇంగ్లీష్ పేరుని హిందీ చేసి పెడదామన్నా కుదరదు. ఆ కంపెనీ మీ వాళ్ళదే అయితే వేరు, వాళ్ళ బోర్డు తీర్మానం చేసి అభ్యంతరం లేదని కాగితం ఇస్తే ఇలాంటి కొన్నిటికి ఒప్పుకుంటారు.

రూల్ 8ఏలో ఇంకొన్ని ఉన్నాయి. రిజిస్టర్ అయిన ట్రేడ్‌మార్కే కాదు, ఎవరైనా అప్లై చేసి పెండింగ్‌లో ఉన్న మార్కు అయినా సరే, యజమాని ఒప్పుకోలు లేకుండా పేరులో పెట్టకూడదు, మొదట్లో ఐపీ ఇండియా సెర్చ్ చేయమన్నది ఇందుకే. రిజిస్ట్రార్ కొట్టేసిన కంపెనీ పేరు అయితే 20 ఏళ్ళ దాకా దొరకదు, ఎవరూ వాడట్లేదు కదా అని ఆశపడి లాభం లేదు. రూల్ 8బీలో నేషనల్, సెంట్రల్, బోర్డ్, కమిషన్, అథారిటీ, మున్సిపల్, పంచాయత్, మినిస్టర్ లాంటి పదాల లిస్టు ఉంది, కేంద్ర ప్రభుత్వం ముందస్తు అనుమతి లేకుండా ఇవి రావు. బ్యాంక్, ఇన్సూరెన్స్, మ్యూచువల్ ఫండ్, స్టాక్ ఎక్స్ఛేంజ్ అన్న మాటలుంటే సంబంధించిన రెగ్యులేటర్ అనుమతి చూపించాలి.

కాబట్టి పేరు కట్టేటప్పుడు ముందు ఎవరూ వాడని ఒక పదం, మధ్యలో చేసే పని తెలిపే పదం, చివర స్ట్రక్చర్, ఇలా పోతే గట్టెక్కే అవకాశం ఎక్కువ. ఆ మొదటి పదం తెలుగుదో సంస్కృతందో అయితే దాని అర్థం ఏంటి, ఎందుకు పెట్టారు అని అప్లికేషన్‌లో రెండు ముక్కలు రాయండి, కల్పించిన పదమైతే ఎలా కల్పించారో రాయండి. ఇద్దరు పార్ట్‌నర్ల పేర్లలో మొదటి అక్షరాలు కలిపి పెట్టే అలవాటు మన దగ్గర బాగా ఉంది, అలాంటి పొట్టి పేర్లు ఇంకెవరో ముందే తీసేసుకుని ఉంటారు సాధారణంగా. రెండు పేర్లు ఇవ్వొచ్చు అన్నారు కదా అని ఒకే పేరుని రెండు రకాలుగా రాసి పంపకండి, ఒకటి పోతే రెండోదీ అదే కారణంతో పోతుంది, మొదటి పదమే వేరుగా ఉండాలి. అబద్ధాలు రాసి పేరు తీసుకుంటే లక్ష రూపాయల దాకా పెనాల్టీ ఉంది, అది కూడా మనసులో పెట్టుకోండి.

ముందు ప్రొప్రైటర్‌షిప్‌తో మొదలుపెట్టి నాలుగేళ్ళు పోయాక కంపెనీ చేద్దాం అనుకునేవాళ్ళకి ఒక మాట. ఈ నాలుగేళ్ళలో మీ పేరు ఎంసీఏ రిజిస్టర్‌లో ఎక్కడా ఉండదు, ఈలోగా ఎవరైనా అదే పేరుతో కంపెనీ పెట్టేస్తే మీకు ఆ పేరు దొరకదు. కంపెనీ ఇప్పుడే అక్కర్లేదు అనుకుంటే కనీసం ట్రేడ్‌మార్క్ అయినా ముందు వేసి పెట్టుకోండి.

ట్రేడ్‌మార్క్‌కి ఫారం టీఎం-ఏ, ఆన్‌లైన్‌లో వేస్తే ఒక్కో క్లాస్‌కి మామూలు వ్యక్తులకీ, స్టార్టప్‌లకీ, చిన్న పరిశ్రమలకీ 4500 రూపాయలు, మిగతావాళ్ళకి 9000. ఉద్యమ్ సర్టిఫికెట్ ఉంటే ఈ తగ్గింపు చూపించుకోవచ్చు, ఫ్రీగా వచ్చిన కాగితం ఇక్కడ పనికొస్తుంది. మన రెండు రాష్ట్రాలకీ చెన్నై ఆఫీసు. లోగోతో కలిపి వేయాలా, పేరు ఒక్కటే వేయాలా అంటే బడ్జెట్ ఒక్క దానికే ఉంటే పేరు ఒక్కటే వేయండి, లోగోలు మారతాయి. పరీక్ష అయ్యాక జర్నల్‌లో వేస్తారు, అప్పట్నుంచి నాలుగు నెలల్లో ఎవరైనా అభ్యంతరం చెప్పొచ్చు, ఎవరూ చెప్పకపోతే రిజిస్టర్ అవుతుంది, అప్లై చేసిన తారీఖు నుంచి పదేళ్ళు, తర్వాత రెన్యువల్. అప్లై చేసిన వెంటనే టీఎం అని పెట్టుకోవచ్చు, సున్నాలో ఆర్ గుర్తు మాత్రం రిజిస్టర్ అయ్యాకే.

కంపెనీ పేరు ఆమోదం వచ్చింది కదా ఇంక ట్రేడ్‌మార్క్ ఎందుకు అని అడుగుతారు. ఎంసీఏ ఆమోదం అంటే ఆ పేరుతో కంపెనీ పెట్టుకోనిచ్చారని మాత్రమే. మీ పేరు తన మార్కుని పోలి ఉందని ట్రేడ్‌మార్క్ యజమాని కంపెనీ పుట్టిన మూడేళ్ళ లోపు సెక్షన్ 16 కింద అప్లై చేస్తే ఎంసీఏ రీజినల్ డైరెక్టర్ మిమ్మల్ని పేరు మార్చుకోమనొచ్చు, మూడు నెలల్లో మార్చుకోవాలి. మార్చుకోకపోతే 2021 సెప్టెంబర్ 1 నుంచి వచ్చిన రూల్ ప్రకారం వాళ్ళే మీకు పేరు పెట్టేస్తారు, ఓఆర్‌డీఎన్‌సీ అనే అక్షరాలు, సంవత్సరం, సీరియల్ నంబర్, మీ సీఐఎన్ (కంపెనీ గుర్తింపు నంబర్), ఇదీ కంపెనీ కొత్త పేరు. బిల్లుల మీద అది వేసుకుని తిరగడం ఎంత అందంగా ఉంటుందో ఊహించుకోండి.

పేరు వచ్చేశాక చేయాల్సినవి కొన్ని. కంపెనీ అయితే ప్రతి ఆఫీసు బయటా పేరు, రిజిస్టర్డ్ ఆఫీసు అడ్రస్ బోర్డు ఉండాలి, ఆ ప్రాంతం భాషలో కూడా ఉండాలి, అంటే ఇక్కడైతే తెలుగులో కూడా. లెటర్‌హెడ్, బిల్లుల మీద పేరు, అడ్రస్, సీఐఎన్, ఫోన్, ఈమెయిల్ వేయించాలి. జీఎస్టీ ఉన్నవాళ్ళు ఏ స్ట్రక్చర్ అయినా బోర్డు మీద జీఎస్టీ నంబర్ రాయించి, సర్టిఫికెట్ కనపడేలా పెట్టాలి. డొమైన్ పేరు, సోషల్ మీడియా పేర్లు ముందొచ్చినవాళ్ళకి దొరుకుతాయి, ఎంసీఏలో పేరు వేసే ముందు రోజే తీసి పెట్టుకోండి, ఆమోదం రాకపోతే పోయేది కొన్ని వందలు.

తర్వాత ఎప్పుడైనా పేరు మార్చాలనుకుంటే ప్రొప్రైటర్‌కి తేలిక, జీఎస్టీలో ట్రేడ్ నేమ్ సవరణ 15 రోజుల్లో వేయాలి, మిగతా లైసెన్సుల్లో, బ్యాంకులో మార్పించుకోవాలి. పార్ట్‌నర్‌షిప్ అయితే పార్ట్‌నర్లందరూ సంతకాలు పెట్టి రిజిస్ట్రార్‌కి తెలపాలి. ఎల్ఎల్‌పీ వాళ్ళు మళ్ళీ రన్-ఎల్ఎల్‌పీ, ఆ తర్వాత ఫారం 5. కంపెనీకి కొత్త పేరు రన్ ఫారంలో రిజర్వ్ చేసుకోవాలి, దీనికి 60 రోజుల గడువు, ఆ లోపు స్పెషల్ రిజల్యూషన్ (వాటాదారుల ప్రత్యేక తీర్మానం) పాస్ చేసి ఎంజీటీ-14 ఫారం, తర్వాత ఐఎన్‌సీ-24 ఫారం వేస్తే కొత్త సర్టిఫికెట్ వస్తుంది. వార్షిక రిటర్న్‌లు బాకీ పెట్టిన కంపెనీకి పేరు మార్చుకోనివ్వరు, ముందు అవి క్లియర్ చేసుకోండి. మార్చాక రెండేళ్ళ పాటు బోర్డు మీదా లెటర్‌హెడ్ మీదా కొత్త పేరుతో పాటు పాత పేరు కూడా ఉండాలి, పాత లెటర్‌హెడ్లు అయిపోయేదాకా వాడేద్దాం అంటే మాత్రం కుదరదు.